తోకా? కథా? పిల్లల స్పెల్లింగ్ తప్పులు, ఒక లెక్కల మాస్టారు



పోయిన నెల ఫోర్త్ క్లాస్ డిక్టేషన్ నోట్‌బుక్కులు దిద్దుతున్నాను. ఒక బాబు కుక్క తోక ఊపుతోందని రాయాల్సిన చోట, కుక్క కథ ఊపుతోందని రాశాడు. ఇంగ్లిష్‌లో తోకకు స్పెల్లింగ్ టి, ఎ, ఐ, ఎల్. కథకు టి, ఎ, ఎల్, ఇ. పలికితే రెండూ ఒకటే. అలవాటుగా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేశాను. ఆ తర్వాత వారమంతా ఆ బాబు క్లాసులో చెయ్యి ఎత్తలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చిన మనిషి గురించే ఈ నెల మీకు చెబుతాను. సరిగ్గా ఈ రెండు మాటలతోనే ఆయన లోకాన్ని నవ్వించారు.

ఆయన అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. 1832 జనవరి 27న ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి చర్చిలో మతగురువు. 11 మంది పిల్లల్లో చార్లెస్ మూడోవాడు, మగపిల్లల్లో పెద్దవాడు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల ఒక చెవి సరిగా వినిపించేది కాదు. దానికితోడు నత్తి. అది జీవితాంతం ఆయన్ని వదల్లేదు.

ఇంట్లో మాత్రం ఆ అబ్బాయికి భయం లేదు. తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం చేత్తో రాసి, బొమ్మలు వేసి ఇంటి పత్రికలు తయారుచేసేవాడు. 1846లో రగ్బీ స్కూల్ హాస్టల్లో చేర్చారు. చదువులో బహుమతులు వచ్చాయి కానీ, అక్కడ గడిపిన మూడేళ్లూ సంతోషంగా లేడు. వాటిని మళ్లీ గడపమంటే ఒప్పుకోనని పెద్దయ్యాక రాసుకున్నారు. మార్కులు బాగా వస్తున్నాయి కదా అని మనం నిశ్చింతగా ఉండే పిల్లల్లో ఇలాంటివారు ఎందరో!

1851లో ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కాలేజీకి వెళ్లారు. వెళ్లిన రెండు రోజులకే తల్లి చనిపోయింది. 1855 నుంచి 1881 వరకు అక్కడే లెక్కలు బోధించారు. 1856లో తన పేరుతోనే ఒక ఆట ఆడారు. చార్లెస్ లట్విడ్జ్‌ను లాటిన్‌లోకి మార్చి, వెనకది ముందుకు తెచ్చి, మళ్లీ ఇంగ్లిష్ చేశారు. అలా పుట్టిన పేరే లూయిస్ కారల్.

1862 జూలై 4న కాలేజీ డీన్ గారి ముగ్గురు అమ్మాయిలతో పడవ షికారుకు వెళ్లారు. తోడుగా స్నేహితుడు డక్‌వర్త్ ఉన్నారు. దారిలో కథ చెప్పమని పిల్లలు పట్టుబట్టారు. అప్పటికప్పుడు అల్లిన ఆ కథను రాసి ఇమ్మని పదేళ్ల ఆలిస్ అడిగింది. ఆయన చేత్తో రాసి, బొమ్మలు కూడా వేసి 1864లో కానుకగా ఇచ్చారు. 1865లో పెంచి అచ్చు వేయించారు. బొమ్మల అచ్చు బాగా రాలేదని చిత్రకారుడు టెనియెల్ అంటే, మొదటి ముద్రణను వెనక్కి తీసుకుని మళ్లీ వేయించారు.

అదే ఆలిస్ ఇన్ వండర్‌లాండ్. అందులో ఒక ఎలుక తన కథ చెబుతానంటే, ఆలిస్ దాని తోక గురించి అనుకుంటుంది. పేజీ మీద ఆ కథ కూడా తోకలా వంకర్లు తిరుగుతూ కిందికి జారుతుంది. మరోచోట పాఠాలు రోజుకో గంట చొప్పున తగ్గిపోతుంటాయి. ఎందుకంటే ఇంగ్లిష్‌లో పాఠం అన్నా, తగ్గించడం అన్నా చెవికి లెసన్ అనే వినిపిస్తుంది. పడవలో ఉన్నవాళ్లూ కథలోకి వచ్చేశారు. డక్‌వర్త్ బాతు అయ్యారు. డాడ్జ్‌సన్ డోడో పక్షి అయ్యారు. నత్తి ఉన్న మనిషి తన పేరుతోనే పిల్లల్ని నవ్వించారు.

1879లో వానిటీ ఫెయిర్ పత్రికలో ఇంకో ఆట మొదలుపెట్టారు. ఒక్కో మెట్టులో ఒక్క అక్షరమే మార్చి ఒక మాట నుంచి ఇంకో మాటకు చేరాలి. హెడ్, హీల్, టీల్, టెల్, టాల్, టెయిల్. తల నుంచి తోక దాకా! 1898 జనవరి 14న, 66వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, గిల్డ్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.

ఇక మన పిల్లల సంగతి. తెలుగులో దాదాపు పలికినట్టే రాస్తాం. పాలు అంటే తాగేవా, పంచుకునేవా అని మనమూ శ్లేషతో ఆడుకుంటాం కానీ, రెండింటికీ రాత ఒక్కటే. ఇంగ్లిష్‌లో మాట ఒకేలా వినిపించినా రాత మారిపోతుంది. అందుకే తోక బదులు కథ రాసిన బాబు వినడంలో పొరపాటు చేయలేదు. చెవి సరిగ్గానే విన్నది. చేతికి రెండో దారి ఉందని తెలియలేదు, అంతే.

స్పెల్లింగ్ దిద్దవద్దని నేను అనను. పరీక్షలో మార్కు పోతుంది. కానీ దిద్దేముందు ఒక్క నిమిషం ఆగుదాం. ఈసారి నోట్‌బుక్‌లో అలాంటి తప్పు కనిపిస్తే, రాసిన మాటకు అర్థం ఏమిటో మీ పిల్లల్నే అడగండి. కుక్క కథను ఎలా ఊపుతుందో బొమ్మ గీయమనండి. ఇద్దరూ నవ్వాక, రెండు స్పెల్లింగులూ పక్కపక్కన రాయించండి. భోజనాల దగ్గర రోజుకో జత చాలు. పిండికీ పువ్వుకీ ఒకే పలుకు, సూర్యుడికీ కొడుక్కీ ఒకే పలుకు.

నేనూ అదే చేశాను. ఆ బాబు గీసిన బొమ్మలో కుక్క వెనక తోక బదులు ఒక కథల పుస్తకం ఊగుతోంది. దాన్ని క్లాసు గోడకు అంటించాను. మర్నాడు చెయ్యి పైకి లేచింది. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఆ బొమ్మ తప్పకుండా చూడండి.