16వ అంతస్తు నుంచి పడిపోయిన రక్షణ మంత్రి.. ఏలియన్స్ రహస్యమే ప్రాణం తీసిందా?

అమెరికా తొలి రక్షణ మంత్రి ఆయన. పదవి పోయిన రెండు నెలలకే ఆసుపత్రి 16వ అంతస్తు నుంచి పడి చనిపోయారు. ఏలియన్స్ గురించి తెలిసినందుకే చంపేశారని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంతకీ ఎవరీ జేమ్స్ ఫారెస్టల్? అసలేం జరిగింది?

ఫారెస్టల్ 1892లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన వ్యక్తి. ప్రిన్స్‌టన్‌లో చేరినా డిగ్రీ పూర్తి చేయలేదు. అయినా వాల్‌స్ట్రీట్‌లో అడుగుపెట్టి డిలన్ రీడ్ కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యారు. 1940లో ప్రభుత్వంలోకి వచ్చి, 1944లో నేవీ మంత్రిగా బాధ్యతలు తీసుకున్నారు.

సైనిక దళాలన్నింటినీ ఒకే గొడుగు కిందకు తేవడాన్ని మొదట్లో వ్యతిరేకించింది ఆయనే. తీరా 1947 సెప్టెంబర్‌లో ఆ శాఖకే తొలి మంత్రి అయ్యారు. బడ్జెట్ కోతలపై అధ్యక్షుడు ట్రూమన్‌తో పొసగలేదు. పాలస్తీనా విభజనను వ్యతిరేకించడంతో పత్రికల్లో తీవ్ర విమర్శలు వచ్చాయి. పని ఒత్తిడితో మనిషి కుంగిపోయారు. తనను ఎవరో వెంటాడుతున్నారని భయపడేవారు. 1949 మార్చిలో పదవి నుంచి తప్పుకున్నారు.

ఏప్రిల్‌లో బెథెస్డా నేవీ ఆసుపత్రిలో చేర్చారు. డిప్రెషన్‌తో బాధపడుతున్న ఆయన్ను ఉంచింది ఎక్కడో తెలుసా? 16వ అంతస్తులోని వీఐపీ గదిలో! మే 22న అర్ధరాత్రి దాటాక గది ఎదురుగా ఉన్న చిన్న వంటగది కిటికీలోంచి పడిపోయారు. మూడో అంతస్తు పైకప్పుపై మృతదేహం దొరికింది. మెడకు గౌను తాడు కట్టి ఉంది. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్లు.

అనుమానాలు మొదలైంది ఇక్కడే. పడటం వల్ల చనిపోయారని, ఇందులో నేవీ సిబ్బంది తప్పు లేదని విచారణ బోర్డు తేల్చింది. ఎందుకు పడ్డారన్నది మాత్రం చెప్పలేదు. పూర్తి నివేదిక 2004 దాకా బయటకే రాలేదు. అంటే 55 ఏళ్లు!

ఈ ఖాళీలోకే యూఎఫ్‌ఓ కథ వచ్చి చేరింది. 1947 జూలైలో రోస్‌వెల్ ఘటన జరిగినప్పుడు ఆయన నేవీ మంత్రి. 1987లో 'మెజెస్టిక్ 12' పేరుతో కొన్ని పత్రాలు బయటికొచ్చాయి. ఏలియన్స్ వ్యవహారం చూసే రహస్య బృందంలో ఫారెస్టల్ సభ్యుడన్నది వాటి సారాంశం. అవి నకిలీవని ఎఫ్‌బీఐ తేల్చేసింది. రోస్‌వెల్‌లో పడింది సోవియట్ అణు పరీక్షలను పసిగట్టే బెలూన్ల శకలాలేనని 1994లో ఎయిర్‌ఫోర్స్ చెప్పింది.

ఓ విమానవాహక నౌకకు, వాషింగ్టన్‌లో ఓ ప్రభుత్వ భవనానికి ఫారెస్టల్ పేరు పెట్టారు. జబ్బుపడిన మనిషిని అంత ఎత్తున ఎందుకు ఉంచారన్న ప్రశ్న మాత్రం ఎగిరే పళ్లేల కథల్లో మరుగున పడిపోయింది. ఆ నివేదికను అప్పుడే బయటపెట్టి ఉంటే, ఈ కథలకు ఇంత చోటు దొరికేది కాదేమో!