వచ్చిన విద్య చాలదనుకున్న చినమౌలానా సాహెబ్

లేపాక్షి వీరభద్రస్వామి గుడి నాట్యమంటపంలో స్తంభాల మీద వాద్యగాళ్ళ శిల్పాలు ఉంటాయి. ఈ మధ్య ఒక వార్త కోసం అక్కడికి వెళ్ళినప్పుడు మంటపం పక్కన నీడలో ఒక పెద్దాయన సన్నాయిని గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఏదో పెళ్ళి మేళానికి వచ్చాడట. సలాం చేస్తే సలాం చెప్పాడు. మనవాడే. తాతల కాలం నుంచి గుళ్ళలో, పెళ్ళిళ్ళలో వాయిస్తున్న ఖాందాన్. మనవడు మాత్రం సన్నాయి ముట్టుకోడు, హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో పనికి పోతాడు. మేళగాళ్ళ ఇల్లని ఒక నికా సంబంధం కూడా తప్పిపోయిందని చెప్పి ఆయన కాసేపు ఊరుకున్నాడు. లేచేటప్పుడు ఒక్క పేరు తలుచుకున్నాడు. షేక్ చినమౌలానా సాహెబ్.

నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు అంతకుముందు పెద్దగా తెలియదు. షహనాయి బిస్మిల్లా ఖాన్ గురించి మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. మన తెలుగు గడ్డ మీద పుట్టి, దక్షిణాది సంగీతంలో ఆ స్థాయి గౌరవం పొందిన మనిషి గురించి మాత్రం మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

చినమౌలానా సాహెబ్ 1924 మే 12న ఒంగోలు దగ్గర కరవది గ్రామంలో పుట్టారు. ఇప్పుడది ప్రకాశం జిల్లా. అప్పట్లో ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది, గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. వాళ్ళది తరతరాలుగా నాదస్వరం వాయించే కుటుంబం. కోస్తాలోనూ మన సీమలోనూ ఇలాంటి ముస్లిం కుటుంబాలు చాలానే ఉన్నాయి. గుడి ఉత్సవమైనా, ఊళ్ళో పెళ్ళయినా వీళ్ళ మేళం లేకుండా జరిగేది కాదు. బయటివాళ్ళకు ఇది వింతగా తోచవచ్చు గానీ ఆ ఊళ్ళవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

మొదటి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ దగ్గరే. ఆ తర్వాత చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. నాదస్వరానికి చిలకలూరిపేట పేరున్న ఊరు. అక్కడ నేర్చినవాడికి పని దొరకదన్న భయం ఉండదు. పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు వాయించుకుంటూ ఇల్లు నడుపుకోవడానికి ఆ విద్య చాలు.

ఆయన మాత్రం అక్కడితో ఆగలేదు. ఆ రోజుల్లో నాదస్వరం అంటే తంజావూరు వైపు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై పేరే చెప్పేవారు. ఒక్క తోడి రాగాన్నే గంటల తరబడి విస్తరించి వాయించగల విద్వాంసుడు ఆయన. ఆ బాణీ చినమౌలానా సాహెబ్ మనసుకు పట్టింది. దాన్ని దూరం నుంచి విని అనుకరిస్తే సరిపోదని, దగ్గర కూర్చుని నేర్చుకోవాలని తంజావూరు ప్రాంతానికి వెళ్ళారు. అక్కడ నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకన్ను పిళ్ళైల దగ్గర చేరి ఏళ్ళ తరబడి సాధన చేశారు. భాష వేరు, మతం వేరు, అలవాట్లు వేరు. ఒక విద్య చేతికి వచ్చినవాడు మళ్ళీ మొదటి మెట్టు మీద కూర్చోవడం ఎంత కష్టమో ఏ పని చేసేవాళ్ళకైనా తెలుసు. రెండు వైపుల నుంచీ ఇష్టం ఉంటేనే అది కుదిరింది. ఈయన అడిగారు, వాళ్ళు కాదనకుండా నేర్పారు.

నాదస్వరం ఊరికే ఊదితే పలికే వాద్యం కాదు. పొడుగాటి గట్టి చెక్క గొట్టం, కింద గరాటులాంటి మూతి, పైన నోట్లో పెట్టుకునే రెల్లు పీక. వేళ్ళతో మూసేవి 7 రంధ్రాలు. కింది భాగంలో శృతి సరిచేసుకోవడానికి మైనం పెట్టేవి మరో 5. ఆ ఏడు రంధ్రాల నుంచే అన్ని స్వరాలూ, వాటి మధ్య ఊగే గమకాలూ రావాలి. అందుకు ఊపిరి బలాన్ని, పెదవి ఒత్తిడిని క్షణక్షణం మార్చుకుంటూ ఉండాలి. పక్కన డోలు ఉరుముతుంటే ఆ హోరుకు తగ్గకుండా గంటల కొద్దీ వాయించాలి. రోజూ రియాజ్ లేకపోతే ఇది లొంగదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. కచేరీల్లో వాయించే త్యాగరాజ కీర్తనలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. సన్నాయికి మాటలు లేవు నిజమే, కానీ ఊపిరి ఎక్కడ తెంచాలో తెలియాలంటే పాటలో మాట ఎక్కడ ఆగుతుందో తెలియాలి. మన కరవది బిడ్డకు ఆ మాటలు పుట్టినింటి మాటలు. రాగం విస్తరించే పద్ధతి తంజావూరుది, పాట భాష సొంత ఊరిది.

తర్వాత ఆయన కుటుంబంతో శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథస్వామి గుడి ఉన్న ఆ ఊళ్ళో షేక్ చినమౌలానా అన్న పేరుతోనే బతికారు, పేరు మార్చుకోలేదు. అక్కడే శారదా నాగస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకు నేర్పారు. తాను పరాయి ఊరు వెళ్ళి అడిగి నేర్చుకున్న విద్యను, అడిగి వచ్చినవాళ్ళకు పంచారు. విదేశాల్లోనూ కచేరీలు చేశారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అంతకన్నా పెద్ద గౌరవం లేదని అంటారు. ఆ తర్వాత కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, 74 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయన విద్య అక్కడితో ఆగిపోలేదు. మనవళ్ళు కాసిం, బాబు తాత బాణీలోనే వాయిస్తున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ మేళం మగవాళ్ళదే అనుకునే చోట ఒక ముస్లిం మహిళ కూర్చుని వాయించి అంత దూరం వెళ్ళింది.

సంగీతం విషయంలో మన పెద్దల్లో వేరువేరు అభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ తేల్చడం నా పని కాదు, అంత ఇల్మ్ నాకు లేదు. నేను చదివింది కామర్స్, లెక్కలు తెలుసు. ఆ లెక్కలోనే చెప్తాను. తరాల పాటు ఊపిరి పోసి నిలబెట్టుకున్న ఒక విద్యను మనమే ఇజ్జత్ తక్కువ పని అని లెక్క కొట్టేస్తున్నాం. లేపాక్షిలో కలిసిన పెద్దాయన మనవడు ఫ్యాక్టరీకి పోవడంలో తప్పేమీ లేదు, హలాల్ సంపాదన ఎక్కడైనా మంచిదే. కానీ తాత పనికి సిగ్గుపడి పోయేలా చేసింది కరువు ఒక్కటే కాదు, మనం కూడా.

చినమౌలానా సాహెబ్ వాయించిన రికార్డులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఈసారి మీ వీధిలో సన్నాయి మేళం వస్తే, వాయించేవాళ్ళ పేర్లు ఒకసారి అడగండి. వాళ్ళలో మన ఇంటివాళ్ళు ఉంటే పిల్లలను పిలిచి పరిచయం చేయండి.