ఒకే ఊరి ఇద్దరు మాస్టార్లు

మన హాస్టల్లో ఎప్పుడూ రెండు జట్లు. తెల్లవారక ముందే గ్రౌండుకు పరుగెత్తేవాళ్ళు ఒకటి, రాత్రి స్టడీ అవర్ అయ్యాక డాబా మీద పళ్ళెం వాయిస్తూ పాడేవాళ్ళు ఒకటి. ఎవరు గొప్ప అన్న తగువు మా రోజుల్లో తేలలేదు, ఇప్పటికీ తేలి ఉండదు. అందుకే తమ్ముళ్ళూ, విజయనగరంలో మాస్టారి ఉద్యోగం చేసిన ఇద్దరి గురించి రాస్తున్నాను. ఒకరు మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు, మరొకరు ఫిడేలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు.

రామమూర్తి గారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి గారింట పెరిగి అక్కడే కసరత్తు, కుస్తీ నేర్చారు. ఆ తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారయ్యారు. ఇంటిపేరు కోడి అయినా మనిషి శాకాహారి! గుడ్డు పెట్టే రోజు కోసం ఎదురుచూసే మనకు ఇది వింతే.

కొంతకాలానికి ఆ ఉద్యోగం వదిలి సర్కస్ కంపెనీ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారు. రెండు చేతులకు రెండు కార్లు కట్టించి కదలకుండా ఆపేవారు. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవారు. లండన్‌లో జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారు. మనవాళ్ళు కలియుగ భీముడన్నారు.

ద్వారం వారు 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. ఈయనకు చిన్నప్పటినుంచీ చూపు మందం. నల్లబల్ల మీద అక్షరాలు కనపడని పిల్లవాడికి ఆ రోజుల్లో బడి ఎలా సాగుతుంది? సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు చేతికి ఫిడేలు ఇచ్చి తొలిపాఠం చెప్పారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల తెరిచినప్పుడు ఈయన విద్యార్థిగా చేరదామని వెళ్ళారు. ఆయన వాయించింది విని అధ్యాపకుడిగానే తీసుకున్నారు. అప్పటికి వయసు 26. ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

అప్పటిదాకా ఫిడేలు అంటే గాయకుడి పక్కన కూర్చుని అతన్ని అనుసరించే వాద్యం. దాన్ని ముందుకు తెచ్చి, ఫిడేలు ఒక్కటే పెట్టి నిండు కచేరీ చేశారు. 1938లో వేలూరులో అలా మొదలుపెట్టారు. తర్వాత 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ప్రపంచ ప్రసిద్ధుడు యెహుదీ మెనుహిన్ కూడా ఆయన వాద్యం విని ముచ్చటపడ్డాడు.

రామమూర్తి గారి చివరి రోజులు చదివితే మాత్రం మనసు పాడవుతుంది. రెండు కార్లను ఆపిన మనిషికి కాలికి పుండు లేచి కాలే తీసేయవలసి వచ్చింది. మత్తుమందు వద్దని ఊపిరి బిగించి కోయించుకున్నారని చెప్పుకుంటారు. లక్షలు గడించారు, దానధర్మాలకు ఖర్చుపెట్టారు, చివరికి పెద్దగా మిగల్చుకోలేదు. 1942లో ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

ఉద్యోగం వదలడం ఆయన తప్పని నేననను. బడిలోనే ఉండిపోతే లండన్ ఆయన్ని చూసేదా? కానీ ఒక తేడా మాత్రం నన్ను వదలదు. రొమ్ము మీద ఏనుగును మోసే బలం ఇంకొకరి ఒంట్లోకి పోయేది కాదు. కమాను పట్టడం అలా కాదు, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పవచ్చు. ద్వారం వారు ఏళ్ళ తరబడి ఆ పనే చేశారు. ఆయన 1964లో పోయేనాటికి శిష్యులు, కుమార్తె మంగతాయారు గారు కచేరీలు చేస్తూనే ఉన్నారు.

శ్రీకాకుళంలో స్టేడియానికి రామమూర్తి గారి పేరు పెట్టారు. ద్వారం వారి శతజయంతికి, 1993లో, తపాలా బిళ్ళ వేశారు. విజయనగరం వెళితే ఆ సంగీత కళాశాల ముందు కాసేపు నిలబడండి. లోపల ఇంకా ఫిడేలు నేర్పుతూనే ఉన్నారు.