అలమరా తాళం తీయించిన లెక్కల మాస్టారు

ఏటా ఆగస్టు 12న దేశమంతటా గ్రంథపాలకుల దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు తలుచుకునేది శియాళి రామామృత రంగనాథన్‌ను. ఆయన తెలుగువారు కాదు, తమిళులు. అయినా తెలుగు రాష్ట్రాల బయట పిల్లల్ని చదివించుకుంటున్న మనం ఆయన జీవితం నుంచి తెలుసుకోవలసింది చాలా ఉంది.

రంగనాథన్ 1892 ఆగస్టులో అప్పటి తంజావూరు జిల్లా శియాళిలో పుట్టారు. ఆ ఊరినే ఇప్పుడు సీర్గాళి అంటున్నారు. ఆరేళ్ల వయసులోనే తండ్రి పోయారు. బడిపంతులైన తాతగారి నీడలో పెరిగారు. మాట కాస్త తడబడేది, ఆరోగ్యమూ అంతంతమాత్రం. అయినా మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితంలో ఎం.ఏ. పూర్తి చేశారు. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1917లో మంగళూరు ప్రభుత్వ కళాశాలలో ఉద్యోగంలో చేరారు. తర్వాత కోయంబత్తూరు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీల్లో లెక్కలు చెప్పారు. పాఠం అప్పజెప్పించుకోవడం కంటే పిల్లలే వెతికి నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి.

1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను గ్రంథపాలకుడిగా నియమించింది. ఆ పనిలో ఆయనకు అనుభవం లేదు. పైగా చేరిన కొద్దిరోజులకే విసుగొచ్చింది. వచ్చేవారు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లి తనను మళ్లీ పాఠాలు చెప్పే పనిలోకి తీసుకోమని ప్రిన్సిపాల్‌ను బతిమాలారు. ముందు లండన్ వెళ్లి రండి, అప్పటికీ ఇష్టం లేకపోతే చూద్దామన్నారు ప్రిన్సిపాల్.

ఆ ప్రయాణం ఆయనను మార్చేసింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో గ్రంథాలయ విద్య చదువుతూ, క్రోయ్‌డన్ గ్రంథాలయాన్ని నడిపే బెర్విక్ సేయర్స్ దగ్గర పని నేర్చుకున్నారు. ఇంగ్లండులో వందకు పైగా గ్రంథాలయాలు తిరిగి చూశారు. అక్కడ పుస్తకాలు కూలీలకు, ఆడవాళ్లకు, చిన్నపిల్లలకు కూడా అందుతున్నాయి. మన దగ్గర పుస్తకాన్ని నగలా దాచిపెడుతున్నారని ఆయనకు అర్థమైంది. ఓ దుకాణంలో పిల్లల మెకానో బొమ్మను చూసినప్పుడు, అవే ముక్కలను రకరకాలుగా కలిపినట్టు విషయాలను కూడా ముక్కలుగా విడదీసి కలపవచ్చన్న ఆలోచన తట్టింది. దాన్నుంచి పుట్టిందే 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణ. పండితుల పద్ధతికి మూలం పిల్లల ఆటవస్తువు కావడం మనకు ముచ్చటగానే ఉంటుంది.

1925లో తిరిగి వచ్చాక ఆయన ప్రెసిడెన్సీ కాలేజీ ముఖం చూడలేదు. చదువరులే స్వయంగా అరల దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకునే ఏర్పాటు చేశారు. గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు పెంచారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడటంలో ముందు నిలిచారు. మరుసటి ఏడు గ్రంథపాలకులకు శిక్షణ మొదలైంది. ఇక్కడ మనవాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. అప్పటికే 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1919లో మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ కూడా జరిగింది. తెలుగు నేలమీద ఊరి జనం నడిపిన ఉద్యమానికి పక్కనే, రంగనాథన్ శాస్త్రాన్ని, చట్టాన్ని నిలబెట్టారు.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేవి 1931లో పుస్తకంగా వచ్చిన అయిదు సూత్రాలు. వాటి సారం ఇది. పుస్తకం ఉన్నది వాడటానికే. ప్రతి చదువరికీ తన పుస్తకం దొరకాలి. ప్రతి పుస్తకానికీ తన చదువరి దొరకాలి. చదువరి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం ఎప్పుడూ పెరుగుతూనే ఉండాలి. వినడానికి ఇంత తేలికైన మాటలకు శాస్త్రమెందుకని అనిపించవచ్చు. కానీ మొదటి సూత్రాన్ని పాటిస్తే చాలు, తాళం వేసిన అలమరా ఒక్కటి కూడా మిగలదు.

బడి గ్రంథాలయం మీద ఆయనకు ప్రత్యేకమైన పట్టింపు ఉండేది. పాఠశాల, కళాశాల గ్రంథాలయాల గురించి 1942లోనే పుస్తకం రాశారు. పాఠ్యపుస్తకం అందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా లాంటిది. పిల్లవాడి ఆసక్తిని బట్టి, వేగాన్ని బట్టి పుస్తకం అందించేది గ్రంథాలయమే. అందుకే అక్కడ కూర్చునే మనిషి తాళంచెవుల కాపలాదారు కాదు, మరో ఉపాధ్యాయుడు. ఏ బిడ్డకు ఏ పుస్తకం సరిపోతుందో తెలిసిన మనిషి లేకపోతే రెండో సూత్రం, మూడో సూత్రం రెండూ కాగితం మీదే ఉండిపోతాయి.

దీనికి మంచి ఉదాహరణ రామానుజన్. ఆ గణితవేత్త జీవితాన్ని రంగనాథన్ 1967లో పుస్తకంగా రాశారు. కుంభకోణంలో బడి చదువు చదివే రోజుల్లో రామానుజన్ చేతికి కళాశాల గ్రంథాలయం నుంచి కార్ అనే ఆయన రాసిన గణిత సంగ్రహం వచ్చింది. ఆ ఒక్క పుస్తకం ఆ కుర్రవాడి దారి మార్చింది. అది అరలోనే ఉండిపోయి ఉంటే?

1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని వెనక రంగనాథన్ ఏళ్ల తరబడి చేసిన కృషి ఉంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ జిల్లాలతో పాటు బళ్లారి కూడా ఉండేది. కాబట్టి ఆ చట్టం నీడ మన పెద్దల మీద కూడా పడింది. కాశీ, ఢిల్లీ విశ్వవిద్యాలయాల్లో పనిచేశాక ఆయన చివరికి బెంగళూరులో స్థిరపడ్డారు. 1962లో అక్కడ డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం నెలకొల్పారు. కూడబెట్టిన లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పదవి కోసం భార్య శారద పేరిట ఇచ్చేశారు. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో కన్నుమూశారు. బడి గ్రంథాలయం గురించి ఆయన రాసిన మరో పుస్తకం ఆ మరుసటి ఏడు వెలువడింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్, యానాం... ఎక్కడున్నా మన పిల్లలు బడిలో వేరే భాషలతోనే ఎక్కువ పొద్దు గడుపుతారు. తెలుగు ఇంట్లో మాటగానే మిగిలి, అక్షరం జారిపోతుందన్న భయం మనందరిదీ. సభల్లో ఆ బాధ చెప్పుకుంటాం. కానీ మన బిడ్డ చదివే బడి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, వాటిని పిల్లలకు ఎవరిస్తున్నారో మనలో ఎంతమంది అడిగాం?

పది తెలుగు కథల పుస్తకాలు బడికి ఇవ్వడం ఏ తెలుగు సంఘానికీ భారం కాదు. అక్కడితో ఆగితే అవీ అలమరాలో చేరతాయి. వారానికో గంట కూర్చుని పిల్లల చేతికి పుస్తకం అందించే పెద్దమనిషిని, తెలుగు చదవగలిగిన అమ్మనో తాతనో, బడివాళ్ల అనుమతితో ఏర్పాటు చేసుకోవాలి. గ్రంథపాలకుడి పోస్టు ఖాళీగా ఉంటే తల్లిదండ్రుల సమావేశంలో గట్టిగా అడగాలి. వచ్చే సమావేశంలో మన వంతుగా ఆ మాట ఎత్తుదాం.