నల్లకోటులో అంబేడ్కర్

1923లో బొంబాయి హైకోర్టులో న్యాయవాద వృత్తి ప్రారంభించేనాటికి అంబేడ్కర్ కొలంబియా, లండన్ విశ్వవిద్యాలయాలలో చదివి, గ్రేస్ ఇన్ నుంచి బారిస్టరు అయినవారు. ఆయనకు లేనివల్లా కేసులే. కక్షిదారులను బారిస్టర్ల వద్దకు పంపవలసిన సొలిసిటర్లు అంటరాని కులంలో పుట్టిన బారిస్టరు గడప తొక్కలేదు. అందుకే ఆయన వాదన ఎక్కువగా కింది కోర్టులలో, పేదల పక్షాన వినిపించింది. ఇల్లు గడవడానికి పాఠాలు చెప్పుకోవలసి వచ్చింది.

అయినా ఆయన వెనుదీయలేదు. ‘దేశాచే దుష్మన్’ పుస్తకంపై పూనాలో నడిచిన పరువునష్టం కేసులో బ్రాహ్మణేతర నాయకులు కేశవరావు జెధే, దినకరరావు జవల్కర్‌ల తరఫున వాదించి 1926లో గెలిచారు. 1934లో ‘సమాజ స్వాస్థ్య’ పత్రికలో లైంగిక విజ్ఞానాన్ని చర్చించినందుకు సంపాదకుడు రఘునాథ్ కర్వేపై అశ్లీలత నేరం మోపారు. కర్వే బ్రాహ్మణుడు. అంబేడ్కర్ ఆయన పక్షానా నిలిచారు. ఆ కేసు ఓడిపోయారు; కర్వేకు జరిమానా పడింది. ముద్దాయి కులం చూసి వకాల్తా పుచ్చుకునే అలవాటు ఆయనకు లేదు. తన కులం చూసి కేసులివ్వని వ్యవస్థకు ఆయన ఇచ్చిన జవాబు అదే.

విగ్రహాలలో ఆయన చేతికి రాజ్యాంగం ఇచ్చాం. అంతకు పాతికేళ్ల ముందే ఆ చేతిలో ముద్దాయిల కాగితాలు ఉన్నాయి. నేడు విచారణ ఖైదీలలో దళితులు, ఆదివాసులు తమ జనాభా వాటాను మించి ఉన్నారు. జామీను ఇచ్చే దిక్కులేక ఎందరో జైళ్లలోనే మగ్గుతున్నారు. ఏటా ఆయన విగ్రహానికి దండ వేసే న్యాయవాదులు వారిలో ఒక్కరికైనా వకాల్తా వేస్తే, అదే నిజమైన నివాళి.