మెకంజీ – మన గ్రామాల కైఫీయత్తులు

ఇంటిపేరు వినగానే ఊరో, వంశమో స్ఫురించడం మన తెలుగువారిలో పరిపాటి. స్కాట్లండు దేశంలోను అట్టి సంప్రదాయమే ఉన్నది. అక్కడి ప్రాచీన భాషలో మాక్ అనగా కుమారుడు. కెన్నెత్ అనువాని సంతతి గనుక ఒక వంశానికి మెకంజీ అను పేరు వచ్చింది. ఈ పేరు గల ప్రసిద్ధులు పలువురున్నారు. 1789లో కెనడా ఉత్తర భాగాన ఒక మహానది వెంట ఆర్కిటిక్ సముద్రం చేరిన అలెగ్జాండర్ మెకంజీ పేరే ఆ నదికి నిలిచింది. అదే పేరు గల మరొకరు 1873 నుండి 1878 వరకు ఆ దేశ ప్రధానమంత్రిగా ఉన్నారు. 1883లో వెలువడిన కృష్ణా జిల్లా మాన్యువల్ కర్త గోర్డన్ మెకంజీ. అయితే తెలుగువారు తరతరాలు స్మరింపదగినవారు కాలిన్ మెకంజీ.

ఆయన 1754 ప్రాంతంలో లూయిస్ ద్వీపమందలి స్టోర్నోవే పట్టణంలో జన్మించారు. కొంతకాలం అక్కడి సుంకాల శాఖలో పనిచేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగిగా మద్రాసు చేరారు. పిమ్మట ఇంజనీరై నైజాం రాజ్యంలోను, 1799లో టిప్పు సుల్తాను మరణించిన తరువాత మైసూరులోను సర్వే జరిపారు. 1815లో భారతదేశానికి తొలి సర్వేయరు జనరల్ అయ్యారు.

కంపెనీకి కావలసినవి పటాలు, పన్నుల లెక్కలు. మెకంజీ దృష్టి అంతటితో ఆగలేదు. నేలను కొలుస్తూనే, ఆ నేలపై బ్రతికిన ప్రజల కథ తెలుసుకొనగోరారు. కాని ఆయనకు దేశభాషలు రావు. ఆ లోటు తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. 1796లో ఆయన వద్ద చేరిన కావలి వెంకట బొర్రయ్య ప్రాచీన శాసన లిపులు చదువుటలో దిట్ట. ముప్పది యేండ్లయినా నిండకుండానే 1803లో ఆయన కన్నుమూయగా, సోదరుడు లక్ష్మయ్య ఆ భారం వహించారు. వారి సహాయకులు ఊరూరా తిరిగి, కరణాలను, వృద్ధులను విచారించి వ్రాసినవే కైఫీయత్తులు. కైఫీయత్ అరబ్బీ మూలం గల మాట; స్థితిగతుల వివరణ అని అర్థం. తెలుగు గ్రామచరిత్రకు ఉర్దూ ఎరిగినవారికి సుపరిచితమైన పేరుండడం, ఈ రెండు భాషలవారు కలిసి చదివే మన కళాశాలకు ముచ్చట గొలుపు విషయం.

1821 మే 8న కలకత్తా సమీపంలో మెకంజీ మరణించారు. ఆయన సేకరణలో 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణెములు ఉండెను. ప్రభుత్వం వానిని ఆయన భార్య నుండి లక్ష రూపాయలకు కొన్నది. ఆ కృషిని కొనసాగింతునని లక్ష్మయ్య ముందుకు రాగా, భారతీయుడైన ఆయనకు ఆ బాధ్యత అప్పగించుటకు ఏషియాటిక్ సొసైటీవారు సమ్మతింపలేదు. శిథిలమగుచున్న కాగితాలకు నకళ్లు వ్రాయించి కాపాడిన ఘనత సి.పి.బ్రౌన్‌ది. నేడు తెలుగు కైఫీయత్తులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నవి.

సేకరణకు నిలిచిన పేరు మెకంజీది. శ్రమ మాత్రం అనేకులది. ఆ సంగతి మరువరాదు. తాటిపాక చుట్టుపట్ల గ్రామాలలో ఏ చెరువు ఎవరు త్రవ్వించిరో, ఏ మసీదుకు, ఏ గుడికి ఎవరు భూమి నిచ్చిరో ఎరిగిన పెద్దలు నానాటికి తగ్గిపోవుచున్నారు. సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థి ఒక్కొక్కరు తమ ఊరి పెద్దలను అడిగి నాలుగు పుటలు వ్రాసి తెచ్చినచో, అదియే మన కాలపు కైఫీయత్తు కాగలదు. అందుకు సర్వేయరు జనరల్ పదవి అక్కరలేదు.