సమాధి లేని కవి – లోర్కా

కాలేజీ కుర్రాళ్ళని లారీలెక్కించి, ఊరూరా నాటకాలాడి రండని ఒక ప్రభుత్వమే డబ్బిచ్చి పంపిందంటే మనకి నమ్మబుద్ధి కాదు. 1932లో స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వం ఆ పని చేసింది. 'లా బర్రాకా' అనే ఆ విద్యార్థి బృందాన్ని నడిపినవాడు ఫెదెరికో గార్సియా లోర్కా.

1898లో గ్రనాడా దగ్గరి పల్లెలో పుట్టాడు. లా చదివాడుగాని ప్రాక్టీసు పెట్టలేదు. 1928లో వచ్చిన జిప్సీ గాథలతో కవిగా, 1933 నాటి 'రక్త వివాహం'తో నాటకకర్తగా దేశమంతా పేరు మోగిపోయింది.

1936 జూలైలో సైన్యం తిరగబడింది. గ్రనాడా తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. ఆగస్టు 16న నగర మేయరుని కాల్చేశారు. ఆయన లోర్కాకి స్వయానా బావ. అదే రోజు కవిని పట్టుకుపోయారు. రెండు మూడు రోజుల్లోనే, వీస్నార్, అల్ఫకార్ ఊళ్ళ మధ్య దారి పక్కన ఆయన్ని కాల్చి పూడ్చేశారు. ఆయనతోపాటు ఒక కుంటి బడిపంతులు, ఎద్దుల పోరులో పనిచేసే ఇద్దరు. 1940లో సర్కారు రాసిన మరణ పత్రంలో మాత్రం యుద్ధ గాయాలతో పోయాడని ఉంది! హంతకుల రాజ్యంలో కాగితం అంతకన్నా ఏం చెబుతుంది?

ఇలా ఆచూకీ లేకుండా పోయినవాళ్ళు లక్షకు పైనే అని అంచనా. నియంత ఫ్రాంకో 1975లో చనిపోయాడు. 1977 క్షమాభిక్ష చట్టం పాత లెక్కలన్నీ మూసేసింది. 2007లో వచ్చిన చట్టం గోతులు తవ్వుకోవడానికి సాయం చేస్తామంది. అంటే వెతుక్కునే బరువు చాలావరకు కుటుంబాలదే. చంపించింది అధికారంలో ఉన్నవాళ్ళయితే, ఎముకలు ఏరుకోవడం మనవల పనా?

2009లో అల్ఫకార్‌లో తవ్వారు. పంతులుగారి తాలూకు వాళ్ళు తవ్వమన్నారు. కవి కుటుంబానికి మాత్రం ఇష్టం లేదు. అక్కడ పడిపోయిన అందరిలోంచి ఆయనొక్కణ్ణీ వేరుచేయడమెందుకన్నది వాళ్ళ బాధ. రెండూ న్యాయమే ననిపిస్తుంది. తీరా చూస్తే ఒక్క ఎముకా దొరకలేదు.

2022 చట్టం వెతికే బాధ్యతని ప్రభుత్వం నెత్తినే పెట్టింది. పోలిక చూడ్డానికి డి.ఎన్.ఎ. బ్యాంకు ఉండాలంది. ఆనాటి రాజకీయ శిక్షలు చెల్లవంది. అక్టోబరు 31ని బాధితుల స్మృతిదినం చేసింది. వీస్నార్ లోయలో జరిగిన తవ్వకాల్లో వందకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. కవిగారూ, పంతులుగారూ ఇంకా దొరకలేదు.